లైను మీద నా పరిశోధన

ఆ రోజుల్లో కొత్త ఇంగ్లీషు మాట ఒకటి చెవిన పడితే దాని అంతు తేలేదాకా నాకు అన్నం సయించేది కాదు. ఏలూరు స్టేషనులో పార్శిలు గుమాస్తాగా చేరిన కొత్తలో నన్ను పట్టుకున్న మాట ‘లైను’. రైలు నడిచేది లైను మీద. పక్క స్టేషను వాళ్లు బండిని పంపవచ్చంటే లైను క్లియరు. పోలీసులు కాపురముండేవి లైన్లు. బళ్లో తప్పు రాస్తే మాస్టారు రాయించేవి వంద లైన్లు (ఇది స్వానుభవం). ఒక్క మాట ఇన్ని పనులు ఎలా చేస్తోందో తెలుసుకోవాలని చిన్న పుస్తకం కుట్టుకుని, కనబడినవారినల్లా అడిగి రాసుకునేవాణ్ణి.

ఒక ఉదయం కొల్లేటి లంక నుంచి ఒక పెద్దాయన కుండెడు నీళ్లలో రెండు బతికున్న కొర్రమీనులు తెచ్చాడు. తాడేపల్లిగూడెంలో ఆయన కూతురికి జ్వరం తగ్గి ఆ మధ్యాహ్నమే కొర్రమీను కూరతో పత్యం. అల్లుడు అక్కడి స్టేషనులో కాచుకుని ఉంటాడట. తాను పడవ వదిలి వెళ్లలేడు కనుక చీటీ రాసి కుండను బండిలో పెట్టించమన్నాడు. నేను కలం తీస్తూ, మీ కొల్లేట్లో ఈ మాట వాడతారా అని అడిగాను. బాతుల వేటకొచ్చే దొర గేలం తాడును లైను అంటాడని ఆయన చెప్పాడు. ఇక చూసుకోండి. ఆ తాడు ఎంత పొడవు, దేనితో పేనారు, దొర ఆ మాటను ఎలా పలికాడు, ఒకటేమిటి! “బండొచ్చేసిందండి బాబుగారూ,” అని ఆయన రెండుసార్లు అన్నాడు. ఒక్క నిమిషం అన్నాను. బండి ఆగింది, కదిలింది, వెళ్లిపోయింది. కుండ నా బల్ల పక్కనే ఉంది.

ఆయన కోప్పడలేదు. “మీ పుస్తకంలో రాసేసుకున్నారు. నా చీటీయే రాయలేదండి,” అన్నాడు. తిట్టినా బాగుండేది.

పెద్ద గుమాస్తాగారిని బతిమాలి సెలవు పుచ్చుకుని, తరువాతి బండిలో కుండ ఒళ్లో పెట్టుకుని నేనే బయలుదేరాను. భీమడోలు దగ్గర ఒక కొర్రమీను గెంతి ఎదుటి ముసలావిడ ఒళ్లో పడింది. దాన్ని పట్టుకునేలోగా ఆవిడ నా వంశాన్నంతా తలచుకుంది.

గూడెం స్టేషనులో అల్లుడు ఇంకా కాచుకునే ఉన్నాడు. నన్ను ఇంటికి తీసుకువెళ్లేసరికి పొద్దు వాలింది. పత్యం చారన్నంతోనే అయిపోయింది. మంచం మీద కూర్చున్న ఆ అమ్మాయి కుండను చూసి, “మా నాన్న మర్చిపోయాడనుకున్నానండి,” అంది.

“ఆయన మర్చిపోలేదమ్మా. బండి తప్పించింది నేను,” అని జరిగిందంతా చెప్పాను. ఆమె నవ్వింది. నీరసంగానే అయినా చాలాసేపు నవ్వి, కళ్లు తుడుచుకుని, “ఇంతకీ ఆ మాటకి ఎన్ని అర్థాలున్నాయండి?” అని అడిగింది.

అడగకుండా ఉండవలసింది. ఏలూరు వెళ్లే ఆఖరి బండి కూత వినబడేసరికి నేను ఏడో అర్థం దగ్గర ఉన్నాను.

ఆనాటి నాలోని కుర్రగుమాస్తా మీద కోపం తెచ్చుకుందామని ఇప్పుడు అప్పుడప్పుడు కూర్చుంటాను. ఆ తరువాత మళ్లీ దేన్ని గురించీ అంత ఆశగా ఎవరినీ అడగలేదని గుర్తొచ్చి, ఊరుకుంటాను.