పొలిమేర దాటిన గత్తర

కరీంనగర్‌లో సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్న మా మనవరాలు మొన్న సెలవుకు వచ్చి, పాలు తోడు వేస్తున్న నా పక్కన కూర్చుని, పాలను పెరుగు చేసేవీ, పొలానికి సత్తువ ఇచ్చేవీ, మందుల కార్ఖానాల్లో పనిచేసేవీ కంటికి కనపడని ఈ జీవులేనని చెబుతూ, వీటిలో చెడ్డవీ ఉంటాయి చూడమని ఫోన్‌లో కలరా క్రిమి బొమ్మ చూపించింది. కత్తిరించి పారేసిన గోటి ముక్కలా వంకరగా ఉంది. దీని కోసమా మావాళ్లు తలలు పగలగొట్టుకున్నది అని ముందు నవ్వొచ్చింది, తర్వాత ఒళ్లు మండింది.

నిజాం రాజ్యం పోయిన కొత్తల్లో మెట్‌పల్లి దగ్గరి ఒక పల్లెకు కోడలిగా వెళ్లాను. పుట్టిల్లు దూరమేం కాదు, మధ్యన ఒక వాగు, అంతే. ఆ వానాకాలం మొదట్లో మా పుట్టినూరికి గత్తర తగిలింది. కలరాను మేం అలాగే అనేవాళ్లం. గత్తర వస్తే వేపమండలు కట్టిన చిన్న కొయ్యబండిలో అమ్మవారి బొమ్మను కూర్చోబెట్టి, పసుపన్నం పెట్టి, బండితో పాటే రోగమూ పోతుందని డప్పులతో పక్క ఊరి పొలిమేరలోకి నెట్టి రావడం ఆచారం. నెట్టేవాళ్లకు అది మొక్కు, అవతలి ఊరికి చావు. ఆ రోజు బండి లాగుతూ వచ్చింది నన్ను కన్న తండ్రి, మా బాపు. వాగు ఇవతల కట్టె పట్టుకుని అందరికంటే ముందు నిలబడ్డది నా పెనిమిటి.

నేను గట్టు మీద నుంచి చూస్తూనే ఉన్నాను. మోకాలి లోతు నీళ్లలో కట్టెలు, గొడ్డలి కామలు, రాళ్లు; పళ్లు రాలాయి, చేతులు విరిగాయి, ఒకడి చెవి తెగి వేలాడింది. నా పెనిమిటి కొట్టిన దెబ్బకు బాపు నెత్తి పగిలి అమ్మవారి బండి మీదే కూలాడు. బండి వెనక్కి మళ్లింది. గెలిచామన్న పొగరుతో మా అత్తగారి ఊరివాళ్లు అదే వాగులో నెత్తురు కడుక్కుని, అవే నీళ్లు కడుపారా తాగి ఇళ్లకు వచ్చారు. ఎగువన మా పుట్టినూళ్లో రోగుల గుడ్డలు ఉతుకుతున్నది కూడా ఆ వాగులోనేనని ఎవరికీ తట్టలేదు. ఆ పూట నేను నా పెనిమిటికి అన్నం పెట్టలేదు.

బండిని ఆపారు గానీ గత్తరను ఆపలేదు. వాంతులు, విరేచనాలతో ఆయన కళ్లు గుంటలు పడ్డాయి. ఎడ్లబండిలో వేసుకుని నేనూ మా మరిదీ బయల్దేరాం. దవాఖానకు తోవ మా పుట్టినూరి మీదుగానే. అక్కడ నన్ను ఎత్తుకు పెంచినవాళ్లే కట్టెలతో అడ్డం నిలిచారు. “మేం పంపితే తలలు పగలగొట్టిరి, ఇప్పుడు గదే గత్తరను బండ్ల ఏసుకొని మా ఊళ్లెకు తెస్తున్నరా?” అన్నాడు మా పెద్దబాపు. ఇంతలో నెత్తికి కట్టుతో బాపు లేచొచ్చి ఎడ్ల పగ్గం పట్టుకున్నాడు. “పగిలింది నా నెత్తి, నీది కాదన్నా. నా బిడ్డ బండి పోతది, జర పక్కకు జరుగు” అన్నాడు. వీపు మీద, మోచేతుల మీద దెబ్బలు పడ్డాయి. ఆయన పగ్గం వదల్లేదు. బండి ఊరు దాటింది.

నరానికి ఉప్పునీళ్లు ఎక్కిస్తే నా పెనిమిటి బతికాడు. మేం తిరిగొచ్చేసరికి బాపుకు దవడలు బిగుసుకుని, ఒళ్లు విల్లులా వంగుతోంది. నేను నోట్లో పోసిన నీళ్లు మింగలేకనే పోయాడు. గాయం మానాలని మా అవ్వ, నా కన్నతల్లి, ప్రేమతో పేడా మట్టీ పెట్టి కట్టు కట్టింది. ధనుర్వాతం క్రిమి అందులోనే ఉంటుందని, దానికి సూది ఉందని మనవరాలు ఇప్పుడు చెప్పింది. నా పెనిమిటి ఆ తర్వాత బతికినన్నాళ్లూ కట్టె ముట్టలేదు. పెరట్లో పాము కనపడినా నన్నే పిలిచేవాడు.

ఇప్పుడు గత్తర లేదు, వాగూ లేదు, దానిలో ఇసుక కూడా లేదు. ప్రతి రోగానికీ ఒక సూది, ఒక పేరు, ఒక బొమ్మ. కానీ మొన్నటి మహమ్మారిలో పక్క ఊరివాళ్లు రాకుండా మావాళ్లు తోవకు ముళ్లకంపలు అడ్డం వేసినప్పుడు, నేను అరుగు మీద కూర్చుని ఎవరైనా వచ్చి ఆ కంప తీస్తారేమోనని పొద్దుగూకేదాకా చూశాను.