ఇబోయా దుప్పికి వయసెంత?

వెందెల్ ఏ దుప్పి కొమ్ముల్ని చేతిలోకి తీసుకున్నా ముందు వాటితో ఒక మంచిమాట అనేవాడు. "బాగా తిన్నావురా" అనో, "చలికి గట్టిగానే తట్టుకున్నావే" అనో. ఆ తరవాతే టేపు తీసేవాడు. టేపు బయటికొచ్చాక మాత్రం ఆ దుప్పికీ ఆయనకీ ఏ చుట్టరికమూ ఉండేది కాదు. మిల్లీమీటరు దగ్గర కూడా మొహమాటపడేవాడు కాదు.

జాలా కొండల్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు అడవి కాపలా ఉద్యోగం చేసి, పింఛను పుచ్చుకున్నాక, మా వైపు కొమ్ముల తీర్పరిగా కుదురుకున్నాడు. సెప్టెంబరులో దుప్పుల వేట అయిపోయాక వేటగాళ్ళంతా పుర్రెల్ని ఉడకబెట్టి, శుభ్రం చేసి, కొమ్ములతో సహా పాత బడి హాలుకి మోసుకొచ్చేవారు. తీర్పరి చూడని కొమ్ము గోడకెక్కడానికి వీల్లేదు. పొడవు, చుట్టుకొలత, బరువు, కొనలెన్ని, అన్నీ ఆయన చెబుతుంటే పక్కన కూర్చుని నేను రాసేవాణ్ణి. అలా తొమ్మిదేళ్ళు రాశాను.

రంగుకి కూడా మార్కులుంటాయి, రెండు దాకా. ఆ రెండింటి కోసం జనం పడే పాట్లు చెప్పనలవి కాదు. ఒకసారి చెప్పుల కొట్టు అంతల్ తన కొమ్ములకి పచ్చి అక్రోటు తొక్కల రసం పట్టించి తెచ్చాడు. వెందెల్ జేబురుమాలు నీళ్ళలో ముంచి నెమ్మదిగా ఒక తుడుపు తుడిచాడు. తెల్ల రుమాలు గోధుమరంగుకి తిరిగింది.

"నీ దుప్పికి చెమట పడుతోందయ్యా అంతల్," అన్నాడు. "రుమాలుకి ఒకటిన్నర వేస్తాను. కొమ్ముకి సున్నా."

ఆయన ఇంట్లో మాత్రం గోడ మీద ఒక్క కొమ్ము కూడా లేదు. భార్య రొజాలియా పెట్టనివ్వలేదు. "పొద్దంతా వాటి మొహాలు చూసొచ్చేది చాలదూ, అన్నం దగ్గర కూడానా," అనేదట.

ఇబోయా సంగతి జరిగింది నేను రాయడం మొదలుపెట్టిన ఆరో ఏడు. ఆవిడ మా ఊళ్ళో ఉత్తరాలు పంచేది, యాభై ఆరేళ్ళ మనిషి. ముప్ఫై మంది ఉన్న వేట సంఘంలో ఆడమనిషి ఆవిడొక్కతే. నాలుగేళ్ళు ఎదురుచూస్తే ఒక పెద్ద దుప్పికి అనుమతి దొరికింది. పెద్దదంటే పదేళ్ళు దాటినది. ఇంకా ఎదిగే కుర్రదుప్పిని కొడితే తప్పు కింద రాసుకుని, రెండేళ్ళ పాటు దుప్పి మీద తుపాకీ ఎత్తనివ్వరు. వయసుకి సాక్ష్యం కింది దవడ. పళ్ళు ఎంత అరిగితే అంత వయసు. అందుకే దవడని కొమ్ములకి తీగతో కట్టి తేవాలని నియమం.

ఆ ఏడు సంఘం అధ్యక్షుడు దేనెష్ కూడా ఒక దుప్పిని కొట్టాడు. రెండు తలలూ ఒకే రోజు సంఘం పెద్ద కాగులో ఉడికాయి.

వెందెల్ ఇబోయా కొమ్ములు తిప్పి చూశాడు. తీగ విప్పి దవడ అందుకున్నాడు. పళ్ళని వేలితో తడిమాడు. అంచులు ఇంకా పదునుగానే ఉన్నాయి.

"ఆరేళ్ళు," అన్నాడు.

"నేను ముందే అన్నానుగా," అన్నాడు దేనెష్, పొగాచ రొట్టె నములుతూ. "ఉత్తరాలు విసిరినట్టు గుండు విసిరేస్తే ఎలాగమ్మాయ్?"

"నేను పావుగంట చూసి కొట్టాను బాబాయ్," అంది ఇబోయా వెందెల్‌తో. "దాని మెడ, దాని నడక, అంతా ముసలిదే. నా కళ్ళు అంత మోసపోవు."

వెందెల్ పుర్రె మీంచి కొమ్ము లేచే చోట బొటనవేలు పెట్టి చూస్తున్నాడు. కుర్రదుప్పికి అక్కడ పొడుగ్గా, సన్నగా ఉంటుంది. దీనికి పొట్టిగా, లావుగా ఉంది.

"ముత్యప్పళ్ళు ఏం చేశావమ్మా?"

దుప్పి పైదవడలో ఉండే ఆ రెండు గుండ్రటి పళ్ళనీ మావాళ్ళు పీకి నగ చేయించుకుంటారు. ఇబోయా చెవులకున్న పోగులు తీసి ఆయన అరచేతిలో పెట్టింది. పళ్ళు గోధుమరంగులో, పైన బల్లపరుపుగా అరిగిపోయి ఉన్నాయి. ముసలిదుప్పివే.

"చెవిపోగులు చూసి వయసు రాయమని ఏ నియమంలో ఉందన్నా?" అన్నాడు దేనెష్.

"లేదు. అందుకే రాయను," అన్నాడు వెందెల్. నాకేసి చూసి, "కలం ఆపు," అన్నాడు.

ఇబోయా బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఆవిడ తెచ్చిన పుర్రెకి ముక్కు భాగం రంపంతో కోసేసి ఉంది, గోడకి తేలిగ్గా ఉంటుందని. పై పళ్ళు పోయాయి, దవడ సరిచూసే దారి లేదు.

"దేనెష్, నీది నిండు పుర్రె కదూ. ఇలా తే," అన్నాడు వెందెల్.

దేనెష్ కట్టి తెచ్చిన దవడ బాగా అరిగినది. దాన్ని అతని పుర్రె కింద పెడితే నప్పకుండా అటూ ఇటూ ఊగింది. ఇబోయా తెచ్చిన దవడ పెట్టాడు. పన్నుకి పన్ను కరుచుకుని కదలకుండా కూర్చుంది.

దేనెష్ నమలడం ఆపాడు.

"మా ఆవిడే కట్టి ఉంటుంది తీగ," అని మొదలుపెట్టి, దేనెష్ మెడ రుద్దుకున్నాడు. "కాదులే. రెంటికీ నేనే కట్టాను. అప్పటికి మూడో గ్లాసు పాలింకా సారా మీదున్నాను. అయితే ఆ ఆరేళ్ళది నాదన్నమాట."

"నీదే."

"రెండేళ్ళా?"

"రెండేళ్ళు."

"పోన్లెండి అధ్యక్షా," అంది ఇబోయా. "ఇంటిపట్టునే ఉంటారుగా, ఉత్తరాలు చేతికే ఇస్తాను."

అందరూ నవ్వారు. చివరికి దేనెష్ కూడా నవ్వాడు. వెందెల్ నవ్వకుండా, అరిగిన దవడని చూసి "పన్నెండేళ్ళు," అని, ఇబోయా కొమ్ముల్ని కొలిచాడు. నేను అంకెలన్నీ కలిపి మొత్తం వేశాను. నూట ఎనభై తొమ్మిది పాయింట్ ఆరు. నూట తొంభై ఉంటే వెండి పతకం.

"అందానికి ఇంకో అర మార్కు వెయ్యరాదన్నా, పాపం," అన్నాడు దేనెష్.

"అందానికి వేసేశాను. ఉన్నంతే వేశాను," అన్నాడు వెందెల్.

ఇబోయా నా పక్కకొచ్చి కాగితంలోకి వంగి చూసింది.

"మార్కులు ఎంత చిన్నగా రాసినా ఫర్వాలేదండీ," అంది. "పన్నెండేళ్ళని మాత్రం కాస్త పెద్దగా రాయండి. మా సంఘంలో కొందరికి చూపు సరిగ్గా ఆనదు."