శశికళ పెట్టుకున్న షార్ట్‌కట్లు

బెంగళూరు బొమ్మనహళ్ళిలో నాది చిన్న డిజైన్ అంగడి. పెళ్లి పత్రికలు, స్టిక్కర్లు, అంగళ్ల బోర్డులు చేస్తాం. ఎదుటివాడు ఆవులిస్తే పేగులు లెక్కపెడతానని మా ఆవిడ నన్ను ఎత్తిపొడుస్తుంది. లెక్కపెట్టకపోతే అంగడి నడవదని నా వాదన. నాలుగేళ్లు నా దగ్గర పనిచేసిన అంజి, నా గిరాకీలందరినీ వెంటబెట్టుకుని వెళ్లి మడివాళలో సొంత అంగడి పెట్టాడు. ఆ తరువాత నేను నమ్మింది తలుపు బీగాన్ని ఒక్కదాన్నే.

అలాంటి సమయంలో శశికళ పనిలో చేరింది. బాగేపల్లి వైపు మనిషి, వయసు నలభై దగ్గర. పదేళ్లు గార్మెంట్సు ఫ్యాక్టరీలో చేసి, ఆ పని మానేశాక చందాపురలో డిజైనింగ్ నేర్చుకుందట. భర్త లేడు. కూతురి పీయూసీ చదువు ఈ జీతం మీదే. పనిలో వంక పెట్టడానికి లేదు, చెప్పిన వేళకు చేతిలో పెట్టేది. మాట తక్కువ. టీ ఇస్తే కుడిచేత్తో అందుకుని, ఎడమచేతిని చున్నీ కిందే ఉంచుకునేది. అది కీబోర్డు మీద ఉన్నప్పుడూ చున్నీ కొంగు దాని మీదే ఉండేది. అణకువ అనుకున్నాను.

రెండేళ్లకు పని పెరిగి, గీతాంజలి అనే గుంటూరు అమ్మాయిని కూడా తీసుకున్నాను. ఒకరోజు శశికళ సెలవు పెడితే ఆమె కంప్యూటర్ ముందు ఈ అమ్మాయిని కూర్చోబెట్టాను. పది నిమిషాలకే పిలిచింది.

“సర్, ఈ సిస్టమ్‌లో షార్ట్‌కట్స్ అన్నీ ఎవరో మార్చేశారు. టెక్స్ట్ కోసం ఎఫ్ ఎనిమిది నొక్కుతుంటే అసలేమీ రావట్లేదు. ఏ టూల్ ఎక్కడుందో దేవుడికే తెలియాలి.”

మా పనిలో కుడిచేయి మౌసు మీద, ఎడమచేయి కీబోర్డు మీద ఉంటాయి. ఏ కీ నొక్కితే ఏ టూల్ వస్తుందో, అంటే ఈ షార్ట్‌కట్లు, సాఫ్ట్‌వేర్ వాళ్లే పెట్టి ఇస్తారు. కావాలంటే మార్చుకోవచ్చు, కానీ పనిగట్టుకుని ఎవరు మారుస్తారు? వంగి కీబోర్డు చూశాను. ఎడమ అంచున క్యూ, ఏ, జెడ్, వాటి పక్కన డబ్ల్యూ, ఎస్, ఎక్స్. ఆ ఆరింటి మీదా అక్షరాలు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి.

అంతా అర్థమైపోయిందనుకున్నాను. తాను తప్ప ఇంకెవరూ ఈ కంప్యూటర్‌తో పని చేయకూడదని ఎత్తు వేసింది. రేపో మాపో అంజి దారి పడుతుంది. “అన్నీ మొదట్లో ఎట్ల ఉండేవో అట్లే పెట్టెయ్” అన్నాను. గీతాంజలి ఒక్క బటన్ నొక్కింది. రెండేళ్ల అమరిక పోయింది.

మర్నాడు మధ్యాహ్నానికి ఒక బేకరీ వాళ్ల మిఠాయి పెట్టె డిజైన్ ఇవ్వాలి. శశికళ వచ్చి కూర్చుంది. నేను వెనకే నిలబడి చూడనట్టు చూస్తున్నాను. ఆమె క్యూ నొక్కింది. మళ్లీ నొక్కింది. తల తిప్పి నన్ను చూసి, ఒక్కొక్కటే తిరిగి అమర్చుకోవడం మొదలుపెట్టింది. దొంగకు తేలు కుట్టినట్టుందని లోపల సంతోషించాను కూడా.

“ఏం చేస్తాండావు?” అన్నాను.

“నా షార్ట్‌కట్లు పోయిండాయన్నా. పెట్టుకుంటాండా.”

“నేనే తీయించినా. అందరూ వాడేవి నీకెందుకు పనికిరావు? నువ్వు లేనప్పుడు ఇంకొకరు కూర్చోగూడదనా?”

“అట్ల కాదన్నా.”

“మరెట్ల? గీతాంజలి ముందరే చెప్పు.”

ఆమె చున్నీ తొలగించి ఎడమచేతిని బల్ల మీద పెట్టింది. బొటనవేలి పక్కనున్న రెండు వేళ్లూ కొయ్యల్లా బిగుసుకుని ఉన్నాయి. చివరి రెండే కదిలాయి.

“గార్మెంట్సులో గుండీల మిషన్ కింద పడిండాయి. ఇవి వంగవు. ఈ చివరి రెండు వేళ్లకు ఏది అందుతాదో దాంట్లోనే అన్నీ పెట్టుకున్యా. ఎఫ్ ఎనిమిది దాకా నా వేలు పోదన్నా. ముందర రెండంగళ్లలో చెయ్యి చూపిచ్చినా. చూసినోళ్లు మళ్ల పిలవలేదు. అందుకే నీకు చూపిచ్చలేదు.”

గీతాంజలి తల దించుకుంది. అబద్ధం ఎందుకు, నాకు సిగ్గేసింది.

“ఇప్పుడు తెలిసిపాయ గదన్నా,” అంది శశికళ. “రేపట్నుంచి రావల్లా, వద్దా?”

రమ్మని ఆ క్షణమే అనాల్సింది. కానీ పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటారు. రెండేళ్లు ఇది దాచిన మనిషి ఇంకేం దాచిందో అన్న ఆలోచన అడ్డం వచ్చింది. గ్లాసుడు నీళ్లు తాగేంత సేపు. అంతసేపూ ఆమె నా ముఖమే చూస్తూ ఉంది.

“రాకపోతే ఎట్లమ్మా, రా” అన్నాను చివరికి. ఆమె సరేనంది. అమర్చుకోవడం ముగించి, పెట్టె డిజైన్ పూర్తి చేసి, చెప్పిన వేళకే బేకరీ వాళ్లకు పంపింది. సాయంత్రం బయలుదేరే ముందు మళ్లీ కంప్యూటర్ దగ్గర కూర్చుని, తన షార్ట్‌కట్లన్నీ తీసేసింది.

“ఇంక గీతాంజలికి ఇబ్బంది ఉండదులేన్నా” అని చెప్పి బ్యాగు తగిలించుకుంది.

మర్నాడు ఆమె రాలేదు.