శాస్త్రిగారి కాగితంలో నా పేరు

మొన్న బాపట్లలో ఒకాయన గృహప్రవేశం కాసేపు నా పేరున జరిగిపోయింది. నవ్వకండి! ముందు వినండి.

మా తెనాలిలో మా వీధి చివర శాస్త్రిగారని పురోహితులున్నారు. నన్ను చిన్నప్పట్నుంచీ బుజ్జీ అనే పిలుస్తారు. నా అసలు పేరుతో ఆయనకెప్పుడూ పని పడలేదు. నేను వెబ్‌సైట్లు చేస్తానని తెలిసి ఒకరోజు ఇంటికొచ్చారు.

"ఒరేయ్ బుజ్జీ, కంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ జనం రాసిచ్చే చీటీలు కనపడి చావట్లేదురా. గోత్రం, పేర్లు కొడితే ఇంతింత అక్షరాల్లో కాగితం రావాలి. చేస్తావా?"

"అదెంత పని బాబాయిగారూ!" అన్నా. ఈ మాట అన్న ప్రతిసారీ నాకు మూడింది, అయినా బుద్ధి రాదు.

మొదటి ప్రింటులో పేజీ అంతా వచ్చేసింది. పైన మెనూ, పక్కన బటన్లు, కింద నా ఫోన్ నంబరు. "ఇవన్నీ చదవాలా ఏంట్రా సంకల్పంలో?" అన్నారు. సరేనని, పేర్లున్న ముక్క ఒక్కటే తీసి ప్రింటుకి పంపేలా నాలుగు లైన్ల జావాస్క్రిప్ట్ రాశా. ఆ పెట్టెల్లో నమూనాకి నా గోత్రం, నా పేరు, మా ఆవిడ పేరు పెట్టి పదిసార్లు చూసుకున్నా. పదిసార్లూ బ్రహ్మాండంగా వచ్చింది!

రాక ఏం చేస్తుంది? నేను రాసిన కోడు, తర్వాత ఎవరేం టైపు చేసినా పట్టించుకోదు. పేజీలో మొదట పెట్టిన పేర్లే తీసుకెళ్ళి అచ్చేస్తుంది. తెర మీద శాస్త్రిగారు కొట్టిన పేర్లు, కాగితం మీద మా పేర్లు! ఈ సంగతి నాకు తెలిసింది బాపట్లలో, అదీ వ్రతం పీటల ముందు.

సుబ్బారావుగారని రేపల్లె వైపు రైతు, బాపట్లలో మూడంతస్తుల ఇల్లు కట్టారు. గృహప్రవేశం, సత్యనారాయణ వ్రతం. "నువ్వు చేసిన కాగితం మొదటిసారి వాడుతున్నా, చూద్దువుగాని రా" అని శాస్త్రిగారు మా ఇద్దర్నీ వెంటబెట్టుకెళ్ళారు. కొత్త చీరలో మా ఆవిడ, ఇస్త్రీ చొక్కాలో నేను, ముందు వరసలో కూచున్నాం.

శాస్త్రిగారు కాగితం తీసి గుక్క తిప్పుకోకుండా అందుకున్నారు. "భారద్వాజస గోత్రోద్భవస్య, లక్ష్మీనరసింహమూర్తి నామధేయస్య, ధర్మపత్నీ శ్రీలత సమేతస్య..."

నాకు కళ్ళు చెమర్చాయండీ! అభిమానంతో మమ్మల్ని కూడా కలిపారనుకున్నా. మా ఆవిణ్ణి మోచేత్తో పొడిచి, "చూశావా, మనకెంత గౌరవమో!" అన్నాను కూడా.

పీటల మీద సుబ్బారావుగారి భార్య కోటేశ్వరమ్మగారు అక్షింతలు అలాగే పట్టుకుని మొగుడి వైపు తిరిగింది.

"ఈ శ్రీలత ఎవరండీ?"

"నాకేం తెలుసే!"

"తెలీకుండానే ధర్మపత్ని అయిపోయిందా?"

సన్నాయి ఆగిపోయింది. ఈలోపు మా ఆవిడ లేచి నిలబడి, "నేనేనండీ" అంది. ఆ చెప్పడం ఇంకాస్త వివరంగా చెప్పచ్చు కదా! హాలంతా ఆవిడ కొత్త చీర వైపే చూస్తోంది.

"తప్పు నాదండీ! ఈవిడ నా భార్యండీ! లక్ష్మీనరసింహమూర్తిని నేనేనండీ!" అని అరిచా.

శాస్త్రిగారు కళ్ళజోడు సర్దుకున్నారు. "నీ పేరు బుజ్జి కదరా?"

అప్పుడొచ్చింది సుబ్బారావుగారికి కోపం. "రెండేళ్ళు ఎండలో నిలబడి కట్టించుకున్న ఇల్లండీ! మా ఇంట్లో వ్రతం ఈయన పేరున చేయిస్తారా? పదింటికల్లా వర్జ్యం వచ్చేస్తుంది!"

"కంగారు పడకండి, ఇంకా సంకల్పంలోనే ఉన్నాం. వర్జ్యానికి ఇంకా అరగంట ఉంది. మళ్ళీ ఆచమనం చెయ్యండి, మీ పేర్లు మీరే చెప్పండి" అన్నారు శాస్త్రిగారు. సుబ్బారావుగారు గోత్రంతో సహా ఇంటిల్లిపాది పేర్లూ గడగడా చెప్పేశారు. నా వెబ్‌సైట్ అవసరమే లేకపోయింది.

వ్రతం చక్కగా జరిగింది. భోజనాల్లో కోటేశ్వరమ్మగారే మా ఆవిడ విస్తట్లో రెండో బూరె వేసి, "తినమ్మా, నేను అడక్కపోతే ఈ ఇంటావిడవి నువ్వే అయ్యేదానివి" అని నవ్వింది. హమ్మయ్య అనుకున్నా.

తిరుగు రైల్లో, "గండం గడిచింది బాబాయిగారూ" అన్నా.

"గడిచిందిలే. బుధవారం కొలకలూరులో తద్దినం ఉందిరా. ఆ కాగితమూ నీ దాంట్లోంచే తీసిపెట్టుకున్నా" అంటూ సంచీలో చెయ్యి పెట్టారు.

తద్దినాల పేజీకీ అదే ప్రింటు బటను. నమూనాకి ఎవరి పేరు పెట్టాలో తోచక, ఉన్నదే కాపీ చేసి అతికించా!

ఆయన కాగితం విప్పారు. పోయినవారి పేరు అన్నచోట, ఇంతింత అక్షరాల్లో లక్ష్మీనరసింహమూర్తి.

మా ఆవిడ అది లాక్కుని పరపరా చింపేసింది. నేను రైలు తెనాలి చేరేలోపు ఫోన్లోనే కోడు సరిచేశా. బతికుండగానే బగ్గు దొరకడం కంటే అదృష్టం ఏముంటుంది చెప్పండి!