పూచీ రాసిన గోడ

"...క్రియ లేకుంటే అది వాక్యమెట్లయితది అన్నా? 'గడప గడపకు గౌరవం, ప్రగతి మా అడుగు.' ప్రగతి మీ అడుగా, మీ అడుగు ప్రగతా?"

"గవన్నీ నీ బడి పిల్లలకు చెప్పుకో చెల్లె. హైదరాబాద్ ఆఫీసు నుంచి ఇట్లనే వచ్చింది. నిన్ను మార్కులెయ్యమనలే, మీ బాపును రాయమన్న."

రంగు డబ్బాల మధ్య కూర్చుని నర్సింగ్ బ్రష్షు కడుగుతున్నాడు. వాదిస్తున్నది ఆయన కూతురు స్నిగ్ధ. ప్రైవేటు బడిలో తెలుగు చెబుతుంది. అవతల నిలబడ్డ మహిధర్ వార్డులో పార్టీ పనులు చూస్తాడు.

"చివరికి 'ఇస్తం' అనో 'చేస్తం' అనో పెట్టొచ్చు గదా," అంది స్నిగ్ధ.

మహిధర్ నవ్వాడు. "ఇస్తం అంటే ఎప్పుడిస్తరు అంటరు. ఇచ్చినం అంటే ఎవరికిచ్చిన్రు అంటరు. ఏమీ అనకుంటే అడగనీకి ఏం దొరకదు. రాసినోళ్లకు తెలుగు రాదనుకుంటున్నవా? తెలిసే తీసేసిన్రు."

నర్సింగ్ తల ఎత్తి మహిధర్ వైపు చూశాడు. ఇన్నేళ్లుగా నినాదాలు రాస్తున్నాడు. గోడ పొడవుకు అక్షరాలు సరిపోతాయా లేదా అన్నదే చూసుకున్నాడు.

"ఎన్నికల నోటిఫికేషన్ రాకముందే అయిపోవాలె అన్నా. ముందుగాల రోడ్డు మీది గోడ," అని మహిధర్ బండి తీశాడు.

రోడ్డు మీది గోడ అంటే రహమతున్నీసాది. బొంతలు కుట్టుకుని ఒంటరిగా బతికే మనిషి. రెండు రేకుల గదులు. ముందు గోడ మాత్రం పెద్దది, బొంబాయి వైపు పోయే బస్సుల్లోంచి కూడా కనిపిస్తుంది. నర్సింగ్ ఎవరి గోడ మీదా అడగకుండా రాయడు. అడిగి, ఒప్పుకున్నాక గోడంతా సున్నం వేసి ఇస్తాడు. ఇంటివాళ్లకు దక్కేది ఆ సున్నమే.

పోయిన ఎన్నికలప్పుడు ఆ గోడ మీద 'ప్రతి పేదకు ఇల్లు, మా పూచీ' అని రాశాడు.

ఆ గల్లీల్లో గోడ మీద రాత పడిందంటే ఇల్లు లెక్కలోకి వచ్చినట్టు. పోలియో చుక్కలు వేసేవాళ్లు తలుపు పక్కన సుద్దతో గీసిపోతారు. సర్వేవాళ్లు ఎర్ర రంగుతో నంబరు వేస్తారు. గీత లేని ఇంటికే మళ్లీ వస్తారు. రహమతున్నీసా ఉర్దూ చదువుతుంది, తెలుగు చదవడం రాదు. ఆ రోజు నిచ్చెన కింద నిలబడి ఏం రాశావని అడిగింది. నర్సింగ్ చదివి వినిపించాడు.

"అంటే నా ఇల్లు రాసుకున్నట్టేనా బేటా?"

"ఇంత పెద్దగ రాసినంక ఇంకేం గావాలె ఖాలా," అని నవ్వి, నిచ్చెన పక్కకు జరుపుకున్నాడు.

ఆ మాట అతనికి తర్వాత ఇన్నేళ్లలో ఎప్పుడూ గుర్తు రాలేదు.

ఈ రోజు మధ్యాహ్నం సున్నం బకెట్టు పట్టుకుని వెళ్లేసరికి గల్లీలో చాలా ఇళ్లకు కొత్త స్లాబులు ఉన్నాయి. రహమతున్నీసా వెనక గది రేకులు నేల మీద పడి ఉన్నాయి. మిగిలిన గదిపై టార్పాలిన్ కప్పి, ఎగరకుండా రాళ్లు పెట్టింది.

"సలాం ఖాలా. మళ్లా గోడ అడగనీకి వచ్చిన."

"కూసో బేటా. చాయ్ పెడత."

"వెనక అర్ర ఏమైంది?"

"వానలకు పడ్డది."

"గల్లీల అందరికీ ఇండ్లొచ్చినయి గదా. నువ్వు దరఖాస్తు ఇయ్యలేదా?"

"అందరు లైన్ల నిలబడ్డరు. నేను పోలే. నాది రాసిన్రు అని చెప్పిన. దరఖాస్తు ముందుగాలే ఇచ్చిననుకున్నరు వాళ్లు." ఆమె గిన్నెలో పాలు పోసింది. "గోడ మీదిది ఓట్ల మాట, నీ ఇంటి మాట కాదని మొన్న పక్కింటి మక్సూద్ చెప్పిండు."

"నేను నవ్వులాటకు అన్న ఖాలా."

"నవ్వినవ్. నాకు ఇల్లొస్తదని ఖుషీతోని నవ్వినవనుకున్న."

ఆ మాటలో నిష్ఠూరం లేదు. చక్కెర ఎంత వేయమంటావని అడిగే గొంతుతోనే అన్నది.

"రేపు పోదాం. దరఖాస్తు నేనే రాపిస్త. మహిధర్‌తోని గూడ మాట్లాడత."

"పోయొచ్చిన. ఇప్పుడు తీసుకుంటలేరంట. మళ్ల ఎప్పుడంటే ఎవ్వరు చెప్పలే."

చాయ్ గ్లాసు అందించింది. అతను తాగలేదు. బయట బకెట్టులో సున్నం అడుక్కు దిగుతోంది. గోడ మీద పాత అక్షరాలు వెలిసినా ఇంకా చదవడానికి వస్తున్నాయి. 'పూచీ' అన్న మాట కింద నీడ రంగు వేసి దాన్ని ఎత్తుగా కనిపించేలా చేసింది తనే.

"నీ పని ఆపుకోకు, సున్నం వేసుకో," అంది రహమతున్నీసా. "శుక్రవారం నమాజ్ అయినంక రాయికోడ్ పోతున్న. మా చెల్లె రమ్మన్నది. ఇగ అక్కడనే ఉంట."