కంచన్‌బాగ్‌లో రోజు విడిచి రోజు డ్యూటీ చేసే జ్వరం

వానాకాలంలో జనం జలపాతాలు చూడ్డానికి వెళతారు. నేను ఒక మనిషి నెత్తురు చుక్క కోసం కంచన్‌బాగ్ వెళ్లాను. కారణం నా డిగ్రీ మిత్రుడు మహేశ్. వాళ్ల నాన్నకు వారం నుంచి చలిజ్వరం, పరీక్షకు మాత్రం కదలడం లేదు. మొన్న పాలక్యాను ఎత్తబోయి కూలబడ్డాడట. "నువ్వు జువాలజీ సదివినవ్ గదరా, జర వచ్చి చెప్పు. నా మాట ఇంటలేడు" అన్నాడు ఫోన్లో. కప్పను కోసిన అనుభవం తప్ప నాకు వైద్యంతో సంబంధం లేదు. అయినా పిలిచాక వెనకడుగు వేయడం మా వంశంలో లేదు.

సికింద్రాబాద్‌లో తొమ్మిదిన్నరకు బస్సెక్కి అఫ్జల్‌గంజ్‌లో దిగి, బేగంబజార్‌కు నడిచాను. పండ్లకు బదులు దోమతెర కొందామని. "సింగలా, డబలా భాయ్?" అన్నాడు దుకాణాయన. డబల్ అన్నాను. "షాదీ అయిందా?" కాలేదన్నాను. "ఫికర్ చెయ్యకు, తెర మస్తు రోజులొస్తది" అని కట్టిచ్చాడు. రెండు కిలోల యాపిల్ పండ్ల ధరే అయింది. అక్కణ్నుంచి బస్సులున్నాయి గానీ, చంకలో మూటతో నేను ఆటో ఎక్కాను. రెండు వందలకు ఒప్పుకున్నాడు.

మహేశ్ వాళ్లది పాల వ్యాపారం. ఇంటి పక్కనే బర్రెల కొట్టం, దాని చుట్టూ పై నుంచి కింది దాకా పచ్చటి దోమతెర. ఆ తెర బయట, ఆరుబయట మంచమ్మీద కాక, అంటే మహేశ్ వాళ్ల నాన్న, చాయ్ తాగుతున్నాడు. రాత్రి పడకా అక్కడేనట.

"దోమలు కుడితే బర్లు సతాయిస్తయి బిడ్డా, పాలు తగ్గుతయి" అన్నాడు.

"మరి నిన్ను కుడితే కాకా?"

"నేను పాలిస్తనా?"

జ్వరం నిన్న వచ్చింది. మూడు దుప్పట్లు కప్పినా వణికి, ఆపైన ఒళ్లు కాలి, చెమట పట్టి దిగింది. ఇవాళ లేదు. లెక్క ప్రకారం రేపు వస్తుంది.

"ఇయ్యాల మంచిగున్న. పరీక్ష ఎందుకు? రేపు జూద్దాం."

"రేపు నువ్వు మంచం దిగవు బాపు" అన్నాడు మహేశ్.

"ఎల్లుండి మల్ల మంచిగైత గద."

నేను గొంతు సవరించుకున్నాను. "మలేరియా అయితే అది ఇయ్యాల గూడ నీ నెత్తుర్లనే ఉంటది కాకా. రక్తకణాల్ల పెరుగుతది. అవి పగిలిన రోజు నీకు వణుకు." ఆయన శ్రద్ధగా విన్నాడు. "మంచిగ జెప్పినవ్ బిడ్డా. చాయ్ తాగు."

గడ్డి మోపు విప్పుతున్న చిన్నమ్మ, అంటే మహేశ్ వాళ్లమ్మ, చేయి ఆపింది. "పోయిన నెల నల్లబర్రెకు జరమొచ్చింది. తెల్లారి మంచిగ మేసింది. గయినా డాక్టర్‌ను ఎందుకు పిలిపిచ్చినవ్?"

"అది లచ్చ రూపాల బర్రె."

"నువ్వు దానికన్న అగ్గువనా?"

చాయ్ గ్లాసు కింద పెట్టి, "అంగీ ఇటియ్యి" అన్నాడు కాక.

బస్తీ దవాఖానా ఐదు నిమిషాల నడక, పరీక్ష ఉచితం. వేలి కొస నుంచి ఒక చుక్క తీశారు. మలేరియానే. డాక్టరమ్మ మాత్రలు రాసి, జ్వరం తగ్గినా మధ్యలో ఆపొద్దని, కాలేయంలో దాక్కున్న మలేరియా క్రిమి నెలల తర్వాత కూడా తిరగబెడుతుందని చెప్పింది. "మంచిగైనంక సుత మింగాల్నా?" అని కాక గొణిగాడు. "నోరు తెరిపిచ్చి జూస్త" అంది చిన్నమ్మ.

తిరిగొచ్చాక మహేశ్, నేను నీళ్ల డ్రమ్ములు కుమ్మరించాం. తేటనీళ్లలో దోమపిల్లలు ఈదుతున్నాయి. ఈ రకం దోమకు మురుగు అక్కర్లేదు, మూతలేని మంచినీళ్లు చాలు. వారానికోసారి రుద్ది కడిగి, మూత పెట్టమని చెప్పాను. సాయంత్రానికి కాక మంచానికి తెర కట్టాం. లోపల కూర్చుని మొహం చిట్లించుకున్నాడు గానీ బయటికి రాలేదు.

బస్సులో ఆలోచించాను. వణుకుతున్న మనిషికి దవాఖానా గుర్తొస్తుంది గానీ కాళ్లు రావు. కాళ్లొచ్చిన రోజు దవాఖానా గుర్తురాదు. ఈ రెండు రోజుల మధ్య కాక వారమంతా గడిపాడు. చలిజ్వరం వచ్చి పోతున్నవాళ్లు మీ ఇంట్లో ఉంటే ఒక్కటే సలహా: జ్వరం లేని రోజు చూసి సంబరపడకండి. ఆ రోజే చెప్పులు తొడిగించి పరీక్షకు తీసుకెళ్లండి.