అవ్వ పోసిన గంజి

బెంగుళూరులో మా ఇంటి కింద కూరగాయల బండాయన మెత్తబడిన టమాటాలు పక్కకు వేరేసినప్పుడల్లా ఆ పుల్లటి, తియ్యటి వాసన మేడ మీదికి ఎక్కి వస్తుంది. కళ్లు మూసుకుంటే తొంభైల నాటి మదనపల్లె, వేపపూత రాలుతున్న మిషన్ కాంపౌండు, పెంకుటిళ్ల వరస, ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మా అవ్వ తెల్లచీర, ఒక్కొక్కటే పొగమంచులోంచి నడిచి వచ్చినట్టు వస్తాయి.

మా మామ అవ్వకు ఒక్కడే కొడుకు. నన్ను సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పేవాడు. నాకు ఆరేళ్లప్పుడు పుంగనూరు రోడ్డులో టమాటా లారీ గుద్ది చనిపోయాడు. తాగి నడిపిన డ్రైవరు దానియేలు జైలుకు పోయాడు. అతన్ని నరకంలో వెయ్యమని నేను ప్రతి ప్రార్థనలోనూ దేవుణ్ణి అడిగేదాన్ని.

మూడేళ్లకు విడుదలై దానియేలు మా చర్చికే వచ్చాడు. చివరి చాప మీద, చెప్పుల పక్కన కూర్చునేవాడు. అతన్ని చూసిన మొదటి ఆదివారం అవ్వ ఆరాధన మధ్యలోనే లేచి ఇంటికి వచ్చేసింది. రెండో ఆదివారమూ అంతే. నాకు సంతోషమేసింది.

తర్వాత గుడ్ ఫ్రైడే వచ్చింది. ఆ రోజు మూడు గంటల దాకా పెద్దలకు ఉపవాసం. లోపల ప్రసంగాలు సాగుతుంటే మేం పిల్లలం చల్లటి బండల మీద అరికాళ్లు ఆనించి, కిటికీలోంచి పడిన ఎండ మెల్లగా జరగడం చూస్తూ, బయట ఉడికే గంజి వాసనకు గుటకలు మింగేవాళ్లం. ఆరాధన కాగానే అందరికీ గంజి, మామిడికాయ ఊరగాయ వడ్డించేది ఏటా అవ్వే.

దానియేలు వరసలోకి రాలేదు. కొళాయి దగ్గర దోసిట్లో నీళ్లు తాగుతున్నాడు. అవ్వ గరిటె ఆపి చాలాసేపు అటే చూసింది.

"ఏమప్పా, ఈడికి రా" అంది.

అతను వచ్చి తలెత్తకుండా, "నేను తగనమ్మా" అన్నాడు.

"తగినోళ్లకే పోస్తాండానని ఎవురు సెప్పినారు? గ్లాసు పట్టు."

పోస్తుంటే సగం గంజి అతని వేళ్ల మీద ఒలికింది. నేను నా గంజి మట్టిలో పారబోసి ఇంటికి పరిగెత్తాను.

సాయంత్రం అవ్వ మామ చొక్కా ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. దేవుడు వాణ్ణి శిక్షించడా అని అడిగాను. జైల్లో అనుభవించి వచ్చాడనీ, ఇంకా ఏమన్నా మిగిలి ఉంటే దేవుడే చూసుకుంటాడనీ చెప్పింది. మామను మర్చిపోయావా అంటే నన్ను దగ్గరికి లాక్కుంది.

"యాడ మర్సిపోతాను పాపా. రేపు దేవుని ముందర నేనూ నిలబడల్ల. వట్టి న్యాయమే సూస్తే నేను మాత్రం నిలుస్తానా?"

నాకు అర్థం కాలేదు. ఈస్టరుకు చేసిన కజ్జికాయలు కూడా ముట్టకుండా, రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు.

మొన్న మదనపల్లె వెళ్లాను. అవ్వ పోయి చాలా ఏళ్లయింది. పెంకుటిళ్లు లేవు. చర్చిలో చాపలు పోయి ప్లాస్టిక్ కుర్చీలొచ్చాయి. చూపు తగ్గిన ఒక ముసలాయన చర్చి మెట్లు దిగడానికి నా భుజం ఆసరా తీసుకుని, ఎవరి బిడ్డవమ్మా అని అడిగాడు. గంజి వడ్డించే అవ్వ మనవరాలినన్నాను. ఆయన తల వాల్చుకున్నాడు; అది చూశాకే దానియేలని గుర్తుపట్టాను. ఒక్కో మెట్టు చెబుతూ నెమ్మదిగా కిందికి దించాను. చిన్నప్పుడు అంత గట్టిగా పట్టుకున్న కోపం కోసం లోపల వెతికాను. లేదు. అది ఏ ఏడు పోయిందో నాకు తెలియదు.